పేరు కాగితానిది, అంకె యంత్రానిది

2019 ఏప్రిల్ 11న జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో ఓటు వేయడానికి వెళ్లినవాళ్లకు పోలింగ్ గదిలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా కనిపించాయి. నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఆసారి 185 మంది పోటీపడ్డారు. వాళ్లలో 178 మంది రైతులు. పసుపు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు మద్దతు ధర ఇవ్వాలని, పసుపు బోర్డు పెట్టాలని అడిగి అలసిపోయి, చివరికి తమ పేర్లనే ఓటు యంత్రం మీదికి ఎక్కించారు. జగిత్యాల, కోరుట్ల ఆ స్థానంలో భాగం. పక్కనే ఉన్న ధర్మపురి పెద్దపల్లి స్థానంలోకి, సిరిసిల్ల కరీంనగర్ స్థానంలోకి వస్తాయి. బస్సెక్కితే గంటా రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్లు మూడు స్థానాల కింద ఓటేశాయి.

ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 మీటలుంటాయి. పన్నెండింటి మీద కలిపి 192. అభ్యర్థులు 185, నోటా ఒకటి, మొత్తం 186 గడులు. మిగిలిన ఆరు మీటలనూ ఎవరూ నొక్కకుండా మూసేశారు. ఆ రోజు యంత్రం లోపలి విద్యుత్ తీగల కంటే, పైన పరిచిన కాగితాల మీదే పెద్ద పరీక్ష జరిగింది. చదువు రాని మనిషి 186 గడుల మధ్య తన గడిని ఎట్లా పట్టుకోవాలి? ఆ కాగితం కథే ఈ వ్యాసం. దాన్ని బ్యాలెట్ పత్రం అంటారు. పనిని బట్టి చూస్తే అది ఒక యంత్రానికి అంటించిన లేబుల్.

ముందు యంత్రం సంగతి. ఓటు యంత్రంలో ప్రధానంగా రెండు భాగాలు. అధికారి దగ్గర ఉండేది కంట్రోల్ యూనిట్. తెర చాటున మన ముందుండేది బ్యాలెట్ యూనిట్. రెండింటినీ కేబుల్ కలుపుతుంది. అధికారి అక్కడ 'బ్యాలెట్' మీట నొక్కితే ఇక్కడ పచ్చదీపం వెలుగుతుంది. మనం నీలి మీట నొక్కితే దాని పక్కన ఎర్రదీపం వెలిగి, బీప్ అని శబ్దం వస్తుంది. మళ్లీ అధికారి విడుదల చేసేదాకా ఇంకో ఓటు పడదు.

ఓట్లు లెక్కపెట్టే ఆ కంట్రోల్ యూనిట్‌కు ఏ అభ్యర్థి పేరూ తెలియదు. దానికి తెలిసేది 'మూడో మీట నొక్కారు' అన్నదొక్కటే. మూడో మీట ఎవరిదో చెప్పేది పారదర్శకమైన పలక కింద పరిచిన కాగితం. చిప్‌లో ప్రోగ్రాం ఎక్కించే నాటికి ఎవరు పోటీ చేస్తారో ఎవరికీ తెలియదు, ఎవరి పేరు ఎన్నో వరుసలో వస్తుందో అసలే తెలియదు. నామినేషన్లు ముగిసి, ఉపసంహరణ గడువు దాటాకే వరుస తేలుతుంది. యంత్రానికి పేర్లు తెలియకపోవడమే ఒక రక్షణ. అందుకే పేరునూ అంకెనూ జోడించే కాగితానికి అంత విలువ. దాన్ని అమర్చేటప్పుడు అభ్యర్థుల ప్రతినిధులు చూస్తుంటారు, అమర్చాక సీళ్లు పడతాయి.

ఈ లేబుల్‌కు యంత్రం కంటే ఎక్కువ వయసు ఉంది. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు దేశంలో అక్షరాస్యత 18 శాతం చిల్లర. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనుప పెట్టె పెట్టారు. పెట్టె మీద అభ్యర్థి గుర్తు అంటించారు. ఓటరు తన చీటీని నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే సరి, రాత పని లేదు. ఆ పెట్టెలు చేసిన సంస్థల్లో హైదరాబాద్ ఆల్విన్ కూడా ఉంది. గుర్తులన్నీ ఒకే కాగితం మీదికి వచ్చి, నచ్చిన దాని మీద ముద్ర వేసే పద్ధతి 1962 ఎన్నికల నాటికి స్థిరపడింది. పెట్టెల మీది గుర్తులు కాగితం మీద గడులయ్యాయి. తర్వాత ఆ గడుల పక్కనే మీటలు వచ్చాయి.

మీటల కథ మళ్లీ హైదరాబాద్‌లోనే మొదలైంది. అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో 1967 ఏప్రిల్ 11న పుట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మనం ఈసీఐఎల్ అని పిలిచే సంస్థకు, 1977లో ఎన్నికల సంఘం ఓటు యంత్రం తయారుచేసే పని అప్పగించింది. 1979లో నమూనా తయారైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీల ప్రతినిధుల ముందు దాన్ని నడిపి చూపించారు. తర్వాత బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా చేరింది. సుజాత అనే కలంపేరుతో తమిళ పాఠకులను ఉర్రూతలూగించిన రచయిత ఎస్. రంగరాజన్ అక్కడి ఇంజినీరే, ఈ యంత్ర రూపకల్పనను పర్యవేక్షించిన మనిషే. పన్నెండు యూనిట్లతో పోలింగ్ జరిగిన ఆ 2019 ఏప్రిల్ 11 ఈసీఐఎల్‌కు సరిగ్గా 52 ఏళ్లు నిండిన రోజు.

తొలి పరీక్ష 1982 మేలో కేరళలోని పరవూరు శాసనసభ స్థానంలో జరిగింది. 50 పోలింగ్ కేంద్రాల్లో యంత్రాలు పెట్టారు. శివన్ పిళ్లై 123 ఓట్ల తేడాతో గెలిచారు. ఓడిన ఏ.సి. జోస్ కోర్టుకెళ్లారు. యంత్రంలో లోపం ఉందని సుప్రీంకోర్టు చెప్పలేదు. యంత్రంతో ఓటు తీసుకునే అధికారం చట్టంలో లేదని 1984లో తీర్పిచ్చింది. ఆ 50 కేంద్రాల్లో కాగితపు బ్యాలెట్లతో మళ్లీ పోలింగ్ జరిగింది, ఈసారి జోస్ గెలిచారు. 1988లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 1998లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీల్లోని 16 శాసనసభ స్థానాల్లో, 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా యంత్రాలు వాడారు. యంత్రం రూపురేఖలు దిద్దింది బొంబాయి ఐఐటీలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ ఆచార్యులు ఏ.జి. రావు, రవి పూవయ్య. మీట ఎక్కడ, దీపం ఎక్కడ, కాగితం ఎక్కడ అన్నది చూపుకూ వేలికీ సంబంధించిన శాస్త్రం. పేరు, గుర్తు, దీపం, మీట ఒకే గీతలో ఉంటాయి. కన్ను ఎడమ నుంచి కుడికి నడిస్తే వేలు చివర మీట దగ్గరికే చేరుతుంది. పెద్ద సూచనలు రాసి పెట్టకుండానే పని జరిగిపోవడానికి కారణం ఆ గీత.

ఇక కాగితం మీదికి వద్దాం. లోక్‌సభకు తెల్ల కాగితం, శాసనసభకు గులాబీ కాగితం. రెండు ఎన్నికలు ఒకేసారి జరిగినా ఏది దేనిదో రంగే చెబుతుంది. వరుస ఎవరి ఇష్టమూ కాదు. ముందు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు, తర్వాత నమోదైన ఇతర పార్టీలవాళ్లు, చివర స్వతంత్రులు. ఒక్కో వర్గంలో మళ్లీ అక్షర క్రమం, మన దగ్గరైతే తెలుగు వర్ణమాల క్రమం. బళ్లో నేర్చుకున్న అఆఇఈలు చివరికి మీట సంఖ్యను నిర్ణయిస్తాయి. నోటా ఎప్పుడూ చివరనే. నిజామాబాద్‌లో అది 186వ గడి, అంటే పన్నెండో యూనిట్‌లో పదో మీట.

ఆ గడిలో పార్టీ పేరు ఉండదు, గుర్తే పార్టీ. అందుకే మా దిక్కు "ఏ పార్టీకి ఏస్తున్నవ్" అనరు, "ఏ గుర్తుకు గుద్దుతున్నవ్" అంటారు. ఆ గుర్తు ఓటరు దగ్గరికి ముందు గుడ్డ మీద వస్తుంది. ఎన్నికలొస్తే సిరిసిల్లకు జెండాల పని, కండువాల పని వస్తుంది. మీటర్ల కొద్దీ గుడ్డ మీద పెద్దగా, రంగుల్లో అచ్చయిన గుర్తు పోలింగ్ రోజుకు బొటనవేలంత నలుపు తెలుపు బొమ్మ అవుతుంది. ఈ రెండూ ఒకటేనని కన్ను క్షణంలో ఒప్పుకోవాలి. అక్కడే ఉంది బొమ్మ గీసేవాడి నేర్పు.

ఆ నేర్పున్న మనిషి ఎం.ఎస్. సేథి. ఎన్నికల సంఘంలో 1992 దాకా చిత్రకారుడిగా పనిచేశారు. ఇప్పుడు మనం చూసే గుర్తుల్లో చాలా వాటిని ఆయన హెచ్‌బీ పెన్సిల్‌తో గీశారు. కత్తెర, కుట్టుమిషన్, గాలిపటం, మంచం, గాజులు, గ్యాస్ సిలిండర్ లాంటివన్నీ ఏ ఇంట్లోనైనా, ఏ వీధిలోనైనా కనిపించేవే. ఆ ఎంపిక వెనుక ఒక సూత్రం ఉంది. కొత్తగా నేర్చుకోవాల్సిన బొమ్మ మంచి గుర్తు కాదు. చూడగానే నోట పేరు రావాలి, ఒక మాటలో రావాలి, పక్కవాళ్లకు చెప్పేటట్టు రావాలి. గీతలు తక్కువగా, ఆకారం స్పష్టంగా ఉండాలి. నాసిరకం అచ్చులోనూ, మసక వెలుతురులోనూ, చత్వారం వచ్చిన కంటికీ నిలబడాలి.

ఈ సూత్రం ఎక్కడ బెసుకుతుందో తెలంగాణకు బాగా తెలుసు. కారు, లారీ, రోడ్డు రోలర్ రోడ్డు మీద వేరువేరు వస్తువులు. పక్క నుంచి గీసి, చిన్నది చేసి, నలుపు తెలుపులోకి మారిస్తే మూడింటికీ ఎముకల గూడు ఒకటే, రెండు గుండ్రాలు, వాటి మీద ఒక పెట్టె. 2022లో మునుగోడు ఉప ఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తు మీద పెద్ద గొడవే జరిగింది. ఒకరికి కేటాయించిన ఆ గుర్తును మార్చినందుకు ఎన్నికల సంఘం రిటర్నింగ్ అధికారినే తప్పించింది. 2023 అక్టోబరులో వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కారుకూ రోడ్డు రోలర్‌కూ తేడా ఓటర్లకు తెలుసని కోర్టు పిటిషన్‌ను కొట్టేసింది. న్యాయం సంగతి అట్లా తేలింది. బొమ్మ గీసేవాళ్లకు మాత్రం ఒక పాఠం మిగిలింది. ఒక గుర్తును విడిగా చూసి బాగుందనుకోవద్దు. దాని పక్క గడుల్లో వచ్చేవాటితో కలిపి, అసలు కొలతలో, చెయ్యి చాచినంత దూరం నుంచి చూడాలి.

లేబుల్ ఏటికేడు నేర్చుకుంటూనే వచ్చింది. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు నిలబడితే ఓటరు తికమకపడుతున్నాడని 2015 నుంచి గడిలో అభ్యర్థి ఫొటో చేర్చారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటాకు మొదట బొమ్మ లేదు, అక్షరాలే ఉన్నాయి. చదవలేని మనిషికి అది ఉండీ లేనట్టే. 2015లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ దానికి బ్యాలెట్ కాగితం మీద అడ్డంగా కొట్టేసిన నల్లగీతల గుర్తు రూపొందించింది. 'ఎవరూ వద్దు' అన్న భావానికి బొమ్మ గీయడం కత్తెర గీసినంత తేలిక కాదు.

చూపు లేనివాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. మీటల పక్కన బ్రెయిలీ అంకెలు ఉంటాయి. ఆ ప్రయోగాన్ని ఎన్నికల సంఘం 2004లో మన హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో చేసి చూసింది. ఇతర రాష్ట్రాల్లో పరీక్షించాక 2009 నాటికి దేశమంతటికీ విస్తరించింది. వేలితో చదివే లేబుల్‌కు తొలి అడుగు పడింది మన నేల మీద.

ఇప్పుడు మళ్లీ 2019కి వద్దాం. అప్పటిదాకా వాడుకలో ఉన్న రెండో తరం యంత్రానికి నాలుగు బ్యాలెట్ యూనిట్లే కలపొచ్చు, అంటే 64 గడులు. నిజామాబాద్‌కు అది చాలదు. 1996లో నల్లగొండ లోక్‌సభకు ఫ్లోరైడ్ నీళ్ల బాధను చాటడానికి 480 మంది పోటీ చేసినప్పుడు బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. 2019కి మూడో తరం యంత్రం సిద్ధంగా ఉంది. దానికి 24 యూనిట్ల దాకా, 384 గడుల దాకా కలపొచ్చు. అందుకే రైతులు కాగితపు బ్యాలెట్లు అడిగినా యంత్రాలతోనే పోలింగ్ జరిగింది. ముందస్తు నమూనా పోలింగ్‌కు 186 మీటలూ నొక్కి చూడాలి కాబట్టి మిగతా తెలంగాణలో ఏడింటికి మొదలైన పోలింగ్ ఇక్కడ ఎనిమిదింటికి మొదలై సాయంత్రం ఆరింటి దాకా సాగింది. పన్నెండు యూనిట్లలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఒక్కచోట తప్పినా 16 మంది ఓట్లు ఇంకో 16 మందికి పోతాయి. ఇన్ని కాగితాలు, ఇన్ని పెట్టెలు, ఒకే క్రమం. ఆ క్రమాన్ని కాపాడిన సిబ్బంది శ్రమ ఏ టీవీ చర్చలోనూ వినిపించలేదు, కానీ అది చిన్న పని కాదు.

ఆ ఎన్నికల నాటికి వీవీప్యాట్ కూడా అంతటా వచ్చేసింది. మీట నొక్కగానే వరుస సంఖ్య, పేరు, గుర్తు అచ్చయిన చీటీ గాజు కిటికీ వెనుక ఏడు సెకన్లు నిలబడి, పెట్టెలో పడుతుంది. ముందు చూసిన లేబుల్, తర్వాత వచ్చిన చీటీ ఒకదానికొకటి సాక్ష్యం. వేడితో అచ్చేసే ఆ చిన్న యంత్రానికి రంగుల్లేవు, సన్నని ఛాయల్లేవు. పెన్సిల్ గీతల్లో సేథి పాటించిన పొదుపు అక్కడ కూడా అక్కరకొచ్చింది.

ఇంత చిన్న కాగితానికి ఇంత శ్రద్ధ అవసరమా అని అడిగేవాళ్లకు ధర్మపురే జవాబు. 2018 శాసనసభ ఎన్నికల్లో అక్కడ గెలుపు తేడా 441 ఓట్లు. పరవూరులో 123. అంత సన్నటి తేడా ఉన్నచోట, పొరపాటున పక్క మీట నొక్కిన చేతులు కొన్ని వందలైతే ఫలితమే మారిపోతుంది. 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం మరికొన్ని మార్పులు ప్రకటించింది. ఇకపై రంగు ఫొటో, అందులో ముఖం ముప్పావు వంతు కనిపించాలి. అంకెలు లావుగా, 30 పాయింట్ల పరిమాణంలో ఉండాలి. అభ్యర్థులందరి పేర్లూ ఒకే తరహా అక్షరాల్లో, ఒకే కొలతలో ఉండాలి. బీహార్ ఎన్నికలతో అది అమల్లోకి వచ్చింది. అక్షరం కొలత కూడా ప్రజాస్వామ్యంలో భాగమేనని ఒప్పుకోవడం ఇది.

నా మనవి ఒక్కటే. తెలుగులో పేరు, అందరికీ తెలిసిన బొమ్మ, దాని ఎదురుగానే మీట, చూపు లేనివాళ్లకు బ్రెయిలీ అంకె. ఏడు దశాబ్దాల అనుభవంతో ఓటు యంత్రం ఈ నాలుగింటినీ సాధించింది. మన ఇళ్లల్లో షుగరు చూసే మిషన్, బీపీ మిషన్, పొలం దగ్గర మోటారు స్టార్టర్ పెట్టె మాత్రం ఇంకా ఇంగ్లిషులోనూ, ఎవరికీ అర్థంకాని గుర్తుల్లోనూ మాట్లాడుతున్నాయి. అవ్వ తన షుగరు తాను చూసుకోవడానికి మనవడి కోసం ఎదురుచూడాల్సి వస్తోంది. అదే అవ్వ పోలింగ్ రోజున తెర చాటుకు ఒక్కతే పోయి, ఎవరినీ అడగకుండా ఓటేసి వస్తుంది. ఆమెకు ఆ ధైర్యం ఇచ్చింది ఒక లేబుల్. ఆ ధైర్యం ఆమె చేతిలోకి వచ్చే ప్రతి యంత్రం మీదా అచ్చు కావాలి. యంత్రాలు తయారుచేసేవాళ్లూ, వాటిని కొని పంచే ప్రభుత్వాలూ ఆ పనికి పూనుకోవాలి. కొనేటప్పుడు మనమూ తెలుగు లేబుల్ అడగాలి.