ఆ కుడి... ఎవరి కుడి?

తాతయ్య పెరట్లో జారిపడ్డారు. మణికట్టు బూరెలా వాచింది. ఎక్స్‌రే తీయిస్తే రిపోర్టులో ‘ఫ్రాక్చర్ ఆఫ్ డిస్టల్ ఎండ్ ఆఫ్ రైట్ రేడియస్’ అని వచ్చింది. ‘డిస్టల్ అంటే ఏదో పెద్ద జబ్బే అయ్యుంటుంది’ అంటూ బామ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజానికి ఆ మాటల్లో ఉన్నది ఓ చిరునామా. కుడి ముంజేతిలో బొటనవేలి వైపుండే ఎముక, మణికట్టు దగ్గర విరిగిందని దానర్థం. ఊళ్లో వీధులకు పేర్లున్నట్టే ఒంట్లోనూ ప్రతి చోటికీ ఓ పేరుంది. అందులో ఓ డజను మాటలు తెలిస్తే చాలు... రిపోర్టంటే సగం భయం పోతుంది!

అందరికీ ఒకే భంగిమ

చెయ్యి పైకెత్తితే అరచెయ్యి తలకన్నా పైనుంటుంది. దించితే నడుం కిందికొస్తుంది. మరి ‘పైన’ అంటే ఎక్కడ? ఈ తికమక లేకుండా వైద్యశాస్త్రం అందరికీ ఒకే భంగిమ నిర్ణయించింది. నిటారుగా నిలబడాలి. ముఖం ఎదురుగా ఉండాలి. చేతులు పక్కలకు దించి అరచేతులు ముందుకు తిప్పాలి. రోగి మంచమ్మీద బోర్లా పడుకున్నా సరే, డాక్టర్ల లెక్కలో అలా నిలబడినట్టే.

ఇక దిక్కులు. ముందువైపు యాంటీరియర్, వెనకవైపు పోస్టీరియర్. పైవైపు సుపీరియర్, కిందివైపు ఇన్ఫీరియర్. నుదుటి మధ్య నుంచి బొడ్డు మీదుగా ఓ నిలువు గీత ఊహించుకోండి. దానికి దగ్గరున్నది మీడియల్, దూరంగా ఉన్నది లేటరల్. కళ్లతో పోలిస్తే ముక్కు మీడియల్, చెవులు లేటరల్. కాళ్లూ చేతుల విషయంలో మొండేనికి దగ్గరైతే ప్రాక్సిమల్, దూరమైతే డిస్టల్. బామ్మను భయపెట్టిన మాట ఇదే!

ఎడమంటే రోగి ఎడమే

ఛాతీ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూస్తే గుండె నీడ ఎక్కువగా మన కుడిచేతి వైపు కనిపిస్తుంది. ‘అయ్యో, గుండె కుడివైపుందా?’ అని కంగారుపడక్కర్లేదు. మనం చూస్తున్నది ఎదురుగా నిలబడిన మనిషిని. ఆయన ఎడమ మనకు కుడివైపే కదా. రిపోర్టుల్లో కుడి, ఎడమ ఎప్పుడూ రోగివే, చూసేవారివి కావు. ఫిల్ము మూల ‘ఆర్’ లేదా ‘ఎల్’ అక్షరం ఉండేది అందుకే.

ఇది చిన్న సంగతేం కాదు. కళ్లు, మూత్రపిండాలు, మోకాళ్లు... ఇలా జంటగా ఉండేవాటికి ఆపరేషన్ చేసేటప్పుడు పక్క మారితే అది దిద్దుకోలేని తప్పు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన సర్జరీ భద్రతా చెక్‌లిస్టులో దీనికి చోటిచ్చింది. మత్తు ఇవ్వకముందే రోగి ఎవరు, ఏ ఆపరేషన్, ఎక్కడ అన్నది ఆ రోగితోనే నిర్ధారించుకోవాలి. పక్క ముఖ్యమైన చోట ఒంటిమీద గుర్తు పెట్టాలి. ‘ఏ వైపు డాక్టరుగారూ, గుర్తు పెట్టారా?’ అని ఇంట్లోవాళ్లు ఓ మాట అడగటంలో మొహమాటం అక్కర్లేదు.

కడుపులో తొమ్మిది గళ్లు

మన తెలుగులో ‘కడుపు’ చాలా పెద్ద మాట. అన్నం చేరేదీ కడుపే, బిడ్డ పెరిగేదీ కడుపే. డాక్టరుకు మాత్రం ‘కడుపునొప్పి’ అంటే సరిపోదు. రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలతో వాళ్లు పొట్టను తొమ్మిది గళ్లుగా చూస్తారు. కుడివైపు పైన పక్కటెముకల కింద కాలేయం, పిత్తాశయం. కుడివైపు కింది గడిలో సాధారణంగా అపెండిక్స్. దాని వాపుతో వచ్చే నొప్పి తరచూ బొడ్డు చుట్టూ మొదలై అటు జరుగుతుంది. పైవరసలో మధ్య గడిలో వచ్చే నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకుంటారు కొందరు. ఒక్కోసారి గుండెపోటు కూడా అక్కడే నొప్పిగా బయటపడుతుంది. కాబట్టి నొప్పి ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది అన్నది వేలితో చూపించి మరీ చెప్పాలి.

పేర్ల వెనక బొమ్మలు

ఒకప్పుడు ఒక్కో దేశంలో, ఒక్కో కాలేజీలో ఒక్కో పేరు వాడేవారు. 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో శాస్త్రవేత్తలు సమావేశమై సుమారు 50 వేల పేర్లను వడగట్టి దాదాపు 5 వేలకు తెచ్చారు. వినడానికి కష్టమే కానీ, అర్థం తెలిస్తే అవన్నీ వంటింటి, పెరటి మాటలే! మోకాలి ముందున్న ఎముక పటెల్లా. లాటిన్‌లో చిన్న పళ్లెమని అర్థం. మనమూ దాన్ని ‘చిప్ప’ అనే అన్నాం. భుజం ముందుండే క్లావికిల్ అంటే చిన్న తాళంచెవి. చెవి లోపలి కోక్లియా అంటే నత్త. వెన్నుపూసలో పూస, కర్ణభేరిలో భేరి... మనవాళ్లు చూసిన పోలికలూ తక్కువేం కాదు.

పెద్దవాళ్లలో ఎముకలు మొత్తం 206. వాటిలో 106 చేతులు, పాదాల్లోనే ఉన్నాయి. తాతయ్యకు విరిగింది ముంజేతిలో ఒకే ఒక్కటి. ఆ మాట మనవరాలు విడమరిచి చెప్పాక బామ్మ కళ్లు తుడుచుకుంది. సిమెంటు కట్టు వేయించుకొచ్చిన తాతయ్య మాత్రం వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెబుతున్నారు... ‘డిస్టల్ రేడియస్ అండీ, కుడిది!’