కుక్కపిల్లకు కడుపు చెడితే

ఇంట్లో కుక్కపిల్ల ఉంది. రెండు నెలల పిల్ల. నిన్న సాయంత్రం దాక చెప్పులు కొరికింది. కోళ్ల వెంట ఉరికింది. ఈ రోజు పొద్దుగాల చూస్తే మూలకు పండుకున్నది. వాకిట్లో రెండు చోట్ల కక్కింది. పలుచగా పారింది. పిల్లలు ఏడుస్తున్నారు.

"ఏం కాదు, ఇంత గడ్డి తింటే అదే తగ్గుతది" అంటుంది పక్కింటి పెద్దమ్మ. "ఇగ అది బతకదు, బయట కట్టేయ్" అంటారు ఇంకొకరు.

రెండూ తొందర మాటలే. కడుపు చెడిన కుక్కపిల్లల్లో చాలా వాటికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కొన్నిటికి ఆ ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఏది మామూలుదో, ఏది ప్రమాదమో ముందు తెలిసేది ఇంట్లో ఉన్నవాళ్లకే. కుక్కపిల్లను తెచ్చేది పిల్లలు. దానికి బువ్వ పెట్టేది, అది చేసింది ఎత్తిపోసేది మనమే కదా!

ఏం తిన్నది?

మొదట ఈ ప్రశ్న వేసుకోండి. కుక్కపిల్ల చిన్న పిల్లవాడి లాంటిదే. దొరికింది నోట్లో పెట్టుకుంటుంది. పెంటకుప్ప మీద పాచిపోయిన అన్నం, ప్లాస్టిక్ కవరు, గుడ్డపీలిక, ఏదైనా సరే.

చాలా ఇళ్లల్లో కడుపు చెడడానికి కారణం పాలు. "పసిపిల్ల కదా, పాలు పోద్దాం" అనుకుంటాం. గిన్నె నిండా బర్రె పాలు పోస్తాం. తల్లి కుక్క పాలు వేరు, బర్రె పాలు, ఆవు పాలు వేరు. ఆవు పాలలో, బర్రె పాలలో ఒక రకం చక్కెర ఎక్కువ ఉంటుంది. తల్లి పాలు మానిన పిల్లకు ఆ చక్కెర సరిగా అరగదు. అరగనిది పేగుల్లోకి నీళ్లను లాగుతుంది. అందుకే పలుచగా పారుతుంది. పాలు ఆపితే చాలు, కొన్ని పిల్లలకు మరునాటికే నయమవుతుంది.

రెండోది కారం. మన ఎనుమాముల మార్కెట్ మిర్చికి పేరున్నది. మన కూరలు కూడా అట్లనే ఉంటాయి. ఆ కూర కలిపిన బువ్వ కుక్కపిల్ల పేగులకు మంట. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అయితే కుక్కకు విషమే. అవి దాని రక్తాన్ని పాడు చేస్తాయి. కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్ కూడా పెట్టొద్దు. పిల్లలు ప్రేమతో చాక్లెట్ పెడతారు. వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

మూడోది బొక్కలు. దసరా నాడు, బోనాల నాడు ఇంట్లో యాట కూర ఉంటుంది. తిన్న బొక్కలన్నీ కుక్కకే వేస్తాం. ఉడికిన బొక్క కొరికితే సూదుల్లాగా చీలుతుంది. అది గొంతులో గుచ్చుకోవచ్చు. పేగుకు అడ్డం పడవచ్చు. కోడి బొక్కలు మరీ ప్రమాదం. "కుక్క అన్నంక బొక్క తినదా?" అని అడుగుతారు. తింటుంది. అది తింటుంది కదా అని మనం వెయ్యాలని లేదు.

పత్తి చేలు ఉన్న ఊళ్లల్లో ఇంకో భయం ఉంది. పురుగుమందు డబ్బా మూలకు పడి ఉంటుంది. కుక్కపిల్ల దాన్ని నాకుతుంది. ఎలుకల మందు పెట్టిన ఉండను తింటుంది. చేనుకు ఎరువుగా తెచ్చిన ఆముదం చెక్క వాసన కుక్కకు ఇష్టం. అది కూడా గట్టి విషమే. నోటి నుంచి చొంగ కారుతూ, ఒళ్లు వణుకుతూ, కక్కుతూ ఉంటే విషమేమో అని అనుమానించండి. ఉప్పు నీళ్లు పోసి కక్కించే పని పెట్టుకోవద్దు. ఆ డబ్బాను కవరులో పెట్టుకొని, కుక్కపిల్లను ఎత్తుకొని వెంటనే దవాఖానకు పోండి. డబ్బా మీద మందు పేరు ఉంటుంది. మీరు చదవగలరు. చదివి డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో ఏం చెయ్యాలి?

పిల్ల హుషారుగా ఉంది, తోక ఆడిస్తున్నది, ఒకటి రెండు సార్లే కక్కింది లేదా పారింది. నెత్తురు లేదు. అప్పుడు ఒక్క రోజు ఇంట్లో చూసుకోవచ్చు.

కక్కిన వెంటనే ఏమీ పెట్టకండి. ఒక గంట, రెండు గంటలు ఆగండి. ఆ తరువాత చెంచా చెంచాగా నీళ్లు పట్టండి. గిన్నె నిండా నీళ్లు పెడితే గబగబా తాగి మళ్లీ కక్కుతుంది. నోరు తెరిచి బలవంతంగా పోయకండి. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది ఇంకో రోగం.

మన పిల్లలకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్ పొడి నీళ్లల్లో కలిపి తాగిస్తాం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు లక్షల మంది శరణార్థులు బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి ఎంతో మందిని బతికించారు. పారుడు రోగంలో ప్రాణం తీసేది ఒంట్లో నీళ్లు పోవడమే. కుక్కకైనా అంతే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లల్లో కలపండి. పిల్ల తనంతట తాను నాకితే కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. తాగిందల్లా కక్కుతుంటే మాత్రం అది లాభం లేదు. దానికి సెలైన్ ఎక్కించాలి.

పెద్ద కుక్కను ఒక పూట పస్తు ఉంచినా తట్టుకుంటుంది. రెండు మూడు నెలల పిల్లను అట్ల ఉంచొద్దు. దాని ఒంట్లో నిల్వ తక్కువ. తిండి లేకపోతే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతుంది. కక్కుడు ఆగిన మూడు నాలుగు గంటలకు మెత్తగా ఉడికిన బువ్వ పెట్టండి. అందులో తోలు, బొక్క లేని కోడి మాంసం నీళ్లల్లో ఉడికించి, చిదిమి కలపండి. ఉప్పు వద్దు, కారం వద్దు, నూనె వద్దు. మాంసం వండని ఇల్లయితే ఉడికిన కోడిగుడ్డు కలపవచ్చు. గుడ్డు కూడా ముట్టని వాళ్లు ఒక చెంచా పెరుగు కలపండి. పాలంత చెడుపు పెరుగు చెయ్యదు. ఒక్కసారే గిన్నెడు కాదు, గుప్పెడు గుప్పెడు రోజుకు 4, 5 సార్లు. రెండు మూడు రోజులు అట్ల పెట్టి, ఆ తరువాత పాత తిండికి మెల్లగా రండి.

మనకు వేసుకునే గోళీలు కుక్కకు వెయ్యకండి. జ్వరం గోళీ, నొప్పుల గోళీ, మోషన్లు ఆపే గోళీ ఏదీ వద్దు. మనిషికి మందైంది దానికి విషం కావచ్చు. ఒళ్లు వెచ్చగా ఉందని జ్వరమనుకొని గోళీ వేసేవాళ్లున్నారు. కుక్క ఒళ్లు మన కంటే వెచ్చనే. మనకు 98.6 డిగ్రీలైతే, కుక్కకు 101 నుంచి 102.5 దాక మామూలే.

ఎప్పుడు ఆగకూడదు?

పారుడులో నెత్తురు ఉంటే ఆగకండి. కుళ్లిన వాసన వస్తే ఆగకండి. నీళ్లు తాగినా కక్కుతుంటే, లేవలేకపోతుంటే, పొట్ట ఉబ్బి గట్టిపడితే ఆగకండి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగుగా, తడిగా ఉండాలి. తెల్లగా పాలిపోయినా, జిగటగా ఎండినా మంచిది కాదు. మెడ మీది తోలు పట్టి లేపి వదలండి. వెంటనే కిందికి జారాలి. గుడారం లాగా నిలబడితే ఒంట్లో నీళ్లు తగ్గినట్టు.

నెత్తురుతో పారి, తిండి మాని, డీలా పడిన పిల్లకు పార్వో రోగం కావచ్చు. ఈ రోగం 1978లో దేశదేశాలకూ పాకింది. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు ఎక్కువ వస్తుంది. రోగం ఉన్న కుక్క పెంట నుంచి అంటుతుంది. మన చెప్పులకు అంటుకొని కూడా ఇంట్లోకి వస్తుంది. మా కుక్క గడప దాటదు, దానికెట్ల వచ్చిందని ఆశ్చర్యపోతాం. గడప దాటింది మనం! మనుషులకు మాత్రం ఈ రోగం రాదు.

దీన్ని చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించి, కక్కుడు ఆపే సూదులు వేసి, పిల్ల తట్టుకునే దాక కాపాడాలి. మొదటి రోజే తీసుకుపోతే చాలా పిల్లలు బతుకుతాయి. మూడో రోజు తీసుకుపోతే డాక్టరు చేతిలో కూడా ఎక్కువ ఏమీ ఉండదు. పిల్ల పడుకున్న చోట ఈ క్రిమి నెలల తరబడి ఉంటుంది. ఫినాయిల్‌తో సరిగా చావదు. ముందు కడిగి, బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచాలి. టీకా వెయ్యని ఇంకో పిల్లను అప్పుడే ఆ ఇంటికి తేవద్దు.

టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలు పెట్టాలి. మూడు నాలుగు వారాలకు ఒకసారి, నాలుగు నెలలు నిండే దాక వేయించాలి. ఒక్క సూదితో అయిపోదు. చాలా మంది ఒక్కటి వేయించి మరిచిపోతారు.

పురుగుల సంగతి

పిల్ల పొట్ట కుండలాగా ఉండి, వీపు ఎముకలు కనపడుతుంటే పురుగులున్నట్టు. పారుడులో సేమియా లాంటివి కనపడతాయి. అవి ఏలికపాములు. తల్లి కడుపులో ఉండగానే పిల్లకు వస్తాయి, పాలతో కూడా వస్తాయి. కొంకి పురుగులు పేగును పట్టుకొని నెత్తురు తాగుతాయి.

పుట్టిన 2 వారాలకు మందు మొదలు పెట్టాలి. 2 నెలలు నిండే దాక 2 వారాలకు ఒకసారి, తరువాత 6 నెలల దాక నెలకు ఒకసారి ఇవ్వాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో 1947లో హెట్రజన్ మందు కనిపెట్టింది. బోదకాలు వ్యాధికి మనకు మింగించేది అదే. ఒకప్పుడు కుక్కల పురుగులకు కూడా దాన్నే వాడారు. ఇప్పుడు కుక్కలకు వేరే మందులు ఉన్నాయి.

మందు ఎంత అనేది బరువును బట్టి ఉంటుంది. బరువు చూడడం సులభం. మీరు కాంటా ఎక్కండి. 52 కిలోలు అనుకుందాం. పిల్లను ఎత్తుకొని మళ్లీ ఎక్కండి. 55 వచ్చింది. 55లో నుంచి 52 తీసేస్తే 3. పిల్ల బరువు 3 కిలోలు.

ఈ పురుగుల గుడ్లు మట్టిలో కలిసి మన పిల్లల నోట్లోకి పోతాయి. కొందరికి కన్ను కూడా చెడుతుంది. ఏలికపాము గుడ్డుకు రోగం అంటించే శక్తి రావాలంటే మట్టిలో రెండు వారాలైనా పడుతుంది. ఏ రోజుది ఆ రోజే ఎత్తేస్తే ఆ బాధ చాలా తప్పుతుంది. ఎత్తిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

దవాఖానకు పోయేటప్పుడు

ఒక కాగితం మీద రాసుకోండి. పిల్ల వయసు, బరువు. ఎన్నిసార్లు కక్కింది, ఏ టైముకు. ఎన్నిసార్లు పారింది, ఏ రంగు. ఏం తిన్నది. ఏ టీకా, ఏ తారీఖు. భయంలో నోటికి మాట రాదు, కాగితం చూపిస్తే చాలు.

పశువుల దవాఖానలో బర్రెలనే కాదు, కుక్కలను కూడా చూస్తారు. వరంగల్ పక్కన మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. అది పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందింది. పి.వి. గారు 1921లో పుట్టింది నర్సంపేట పక్కన లక్నేపల్లిలోనే.

ఒక జాగ్రత్త. కుక్క మింగలేక చొంగ కారుస్తుంటే, దవడ వేలాడుతుంటే, "గొంతులో బొక్క ఇరికింది" అని చెయ్యి పెట్టకండి. అది పిచ్చికుక్క రోగం కావచ్చు. ఆ చొంగ గాయానికి తగిలినా ప్రమాదమే. కరిచినా, గీరినా, గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే మనుషుల దవాఖానలో సూది వేయించుకోవాలి. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. పాశ్చర్ అనే శాస్త్రవేత్త 1885 జూలై 6న ఒక బాలుడికి మొదటిసారి ఈ టీకా వేయించాడు. అందుకే ఏటా జూలై 6న చాలా పశువుల దవాఖానల్లో కుక్కలకు ఈ సూది ఉచితంగా వేస్తారు. పోయేటప్పుడు టీకా కార్డు వెంట తీసుకుపోండి.