చీకటి కొనవలసిన పని లేదు

“కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి” అని మన పెద్దలు ఊరకే అనలేదు. దుకాణం గడప దాటిన మరుక్షణం నుంచే కొత్త వస్తువు వెల పడిపోవడం మొదలవుతుంది. నాలుగేండ్లు వాడి అమ్మజూపితే, వచ్చినంతే పదివేలనుకొని ఇచ్చివేయవలసి ఉంటుంది. అమ్మేవానికి ఇది దుఃఖకారణమే. కాని కొద్దిపాటి జీతంతో సంసారాన్ని ఈడ్చుకొంటూ, మనసులో ఒక పెద్ద కోరికను దాచుకొన్నవానికి ఇదే తెరచి ఉన్న ద్వారం. సైకిలు మొదలు కుట్టుమిషను దాకా మన మధ్యతరగతి ఇండ్లలోని సామానులో చాలా భాగం ఈ ద్వారం గుండానే లోపలికి వచ్చింది. ఇప్పుడా వరుసలో ఇంటి సినిమా ప్రొజెక్టరు కూడా వచ్చి నిలిచింది.

“ఇంటిలో టెలివిజను ఉండగా ప్రొజెక్టరు దేనికి?” అని అడిగేవారు ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. కాని వెండితెర మీద నిలువెత్తు మనిషిని చూసి పెరిగినవారికి చిన్న పెట్టెలోని బొమ్మ ఎన్నటికీ సినిమా కాదు. మోకాళ్ల నొప్పులతో హాలు మెట్లెక్కలేని తల్లులు, తల్లిదండ్రులను విడిచి కదలలేని పిల్లలు, నలుగురి టిక్కెట్లకూ దారిఖర్చులకూ లెక్క వేసి ఊరకుండిపోయే గృహస్థులు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. ఏడడుగుల వెడల్పున బొమ్మను చూపే టెలివిజనును వారు కలలోనైనా కొనలేరు. ఆ వెడల్పును తెల్లగోడ మీద పరచగల పాత యంత్రం మాత్రం వారి చేతికి అందుతుంది.

పాత యంత్రం అనగానే చిన్నబుచ్చుకోనక్కరలేదు. దక్షిణదేశంలో సినిమా ఊరూరా తిరగడం మొదలుపెట్టిందే ఒక పాత ప్రొజెక్టరుతో. 1905లో ఫ్రెంచి దేశస్థుడైన ద్యుపాన్ అనే ప్రదర్శకుడు తిరుచిరాపల్లిలో జబ్బుపడి, తన యంత్రాన్నీ ఫిల్ములనూ అమ్మివేయదలచినాడు. వాటిని కొన్నవాడు సామికన్ను విన్సెంటు అనే చిన్న రైల్వే ఉద్యోగి. ఆయన ఉద్యోగం మాని, ఆ యంత్రాన్ని వెంటబెట్టుకొని డేరాలు వేసికొంటూ దేశమంతా తిరిగి, చివరకు 1914లో కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టినాడు. మన బందరువాడైన రఘుపతి వెంకయ్యగారు ఇంకొక దారి పట్టినారు. 1910 ప్రాంతంలో ఆయన మద్రాసులోని తన ఛాయాచిత్ర వ్యాపారాన్ని తాకట్టు పెట్టి, గోమాన్ సంస్థవారి క్రోనోమెగాఫోను అనే కొత్త యంత్రాన్ని విదేశం నుంచి తెప్పించినారు. దాని వెల 30,000 రూపాయలని చెబుతారు. ఒకరు పాతది కొన్నారు, ఒకరు అప్పుచేసి కొత్తది తెప్పించినారు. ఇద్దరూ చరిత్రలో నిలిచినారు. అయితే మనం చరిత్రకు ఎక్కనక్కరలేదు. అప్పులపాలు కాకుంటే చాలు. కనుక మనకు విన్సెంటు దారే మేలు.

ఇక నేటి మాట. మా ఇబ్రహీంపట్నం హైదరాబాదుకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, నాగార్జునసాగరు దారి మీద ఉన్నది. ఈ చుట్టుపట్ల ఇంజినీరింగు కళాశాలలు అనేకం వెలిసినవి. తరగతి గదులలో ఒకనాడు కప్పునుంచి వేలాడిన ప్రొజెక్టర్లు, పెద్ద డిజిటల్ బోర్డులు వచ్చినచోటల్లా కిందికి దిగుతున్నవి. నగరంలోని కంపెనీల సంగతీ అంతే. అట్లా దిగినవి సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటరు బజారులలోనూ, చేతులు మారి మారి ఎర్రగడ్డ ఆదివారపు అంగడి వంటి చోట్లలోనూ తేలుతూ ఉంటవి. యంత్రం దొరకడం కష్టం కాదు. దానిలో మనం కొంటున్నది ఏమిటో తెలిసికోవడమే కష్టం.

నా పూర్వవిద్యార్థి ఒకరు ఇక్కడికి దగ్గరలోని ఒక ప్రైవేటు బడిలో ఉపాధ్యాయుడు. ఒకనాటి సాయంత్రం ఇంటికి వచ్చి, చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరకు అసలు సంగతి బయటపెట్టినాడు.

“సార్, ఇంటి సినిమా కోసమే చేసిన ప్రొజెక్టరు ఒకటి ఉంది. పద్నాలుగు వేలకు ఇస్తామంటున్నారు. అమ్మకు మాయాబజారు పెద్దతెర మీద చూపించాలని. చిట్టీ ఎత్తిన పైసలు సార్, మళ్లీ మళ్లీ రావు. తీసికోమంటారా?”

“ఎన్ని గంటలు వెలిగిందో అడిగినావా?”

“అది అడగలేదు సార్. బొమ్మ మాత్రం మస్తుగున్నది.”

“చెరువులో నీరెంత ఉన్నదో చూడకుండా మీ నాయన ఎన్నడైనా నారు పోసినాడా?”

అతడు నవ్వినాడు. మా పెద్దచెరువు కింద సేద్యం చేసిన కుటుంబం వారిది. నా మాట వెంటనే అర్థమైంది.

పాత ప్రొజెక్టరులో మనం కొనేది ఇనుమునూ గాజునూ కాదు, మిగిలిన వెలుతురును. బజారులో దొరికే పాతవాటిలో చాలావరకు పాదరసపు ఆవిరి దీపంతో పనిచేసేవే. ఫిలిప్స్ సంస్థ ఈ తరహా దీపాన్ని 1995లో ప్రవేశపెట్టింది. దీని ఆయువును గంటలలో చెబుతారు. 4,000 గంటలని రాసి ఉంటే, అన్ని గంటలూ ఒకే తీరున వెలుగుతుందని అర్థం కాదు. ఆ గడువుకు వెలుతురు సుమారు సగానికి పడిపోతుందని అర్థం. దీపం ఎన్ని గంటలు వెలిగినదీ యంత్రమే లెక్కపెట్టుకొంటుంది. దాని మెనూలో ఆ సంఖ్య కనబడుతుంది. అయితే దీపం మార్చినప్పుడు ఆ లెక్కను సున్న చేసే వీలున్నది గనుక, మార్చకుండానే సున్న చేసే ఘనులూ ఉంటారు. లెక్క తక్కువగా ఉండి, బొమ్మ పసుపుబారి, మసకగా ఉంటే అనుమానించవలసిందే.

నా విద్యార్థి మరునాడు వెళ్లి చూసి వచ్చినాడు. ఆ పద్నాలుగు వేల యంత్రంలో 4,000 గంటల దీపం అప్పటికే 3,400 గంటలు వెలిగినది. మిగిలినవి 600. అదే అంగడిలో, తరగతి గది నుంచి వచ్చిన ఇంకొక యంత్రం 9,000కు ఉన్నది. దాని దీపం వెలిగినది 1,500 గంటలు, మిగిలినవి 2,500. లెక్క వేసి చూడండి. మొదటిదానిలో ఒక గంట వెలుతురుకు 23 రూపాయల పైచిలుకు, రెండవదానిలో 3 రూపాయల 60 పైసలు. మూడుగంటల సినిమాకు మొదటిది 70 రూపాయలు కాల్చివేస్తే, రెండవది పదకొండు రూపాయలతో సరిపెడుతుంది. దీపం పోతే కొత్తది వేయవచ్చు నిజమే. కాని ఆ దీపం ఇంకా దొరుకుతున్నదా, దొరికితే వెల ఎంత అన్నది యంత్రం కొనకముందే విచారించి, ఆ వెలను కూడా బేరంలో కలుపుకోవాలి.

“తరగతి గది యంత్రం సినిమాకు పనికి వస్తుందా?” అన్నది తరువాతి ప్రశ్న. ఇందుకు సమాధానం బొమ్మ ఆకారంలో ఉన్నది. అటువంటి పాత యంత్రాలు చాలావరకు నాలుగింట మూడు వంతుల చట్రంలో బొమ్మను వేస్తవి. నేటి సినిమాలు అంతకంటె వెడల్పు. పదహారుకు తొమ్మిది పాళ్లలో ఉన్న బొమ్మను ఆ చట్రంలో చూపితే పైనా కిందా నల్లపట్టీలు పడి, నాలుగోవంతు వెలుతురు వృథా అవుతుంది. పోతే, తెలుపు బాగా మెరిసేటట్లు చేసినవి గనుక వాటిలో రంగులు కొంచెం పాలిపోతవి. అయితే 1957లో వచ్చిన మాయాబజారు నలుపుతెలుపు చిత్రం. దాని చట్రమూ ఇంచుమించు నాలుగింట మూడు వంతులదే. ఆనాటి మన సినిమాలన్నిటికీ ఈ తరగతి గది యంత్రం కొలిచి కుట్టించిన చొక్కా వలె సరిపోతుంది. ఏ యంత్రం గొప్పది అని కాదు, మన ఇంటిలో ఎవరు ఏమి చూడబోతున్నారు అని అడగడం వివేకం.

ఇక వెలుతురు ఎంత కావాలి? ఇక్కడనే కొనేవారు చాలామంది మోసపోతారు. వెలుతురు కొలమానం ల్యూమెను. కొత్తగా వచ్చే చవుకరకం చిన్న ప్రొజెక్టర్ల పెట్టెల మీద వేలకువేలు ల్యూమెన్లని అచ్చువేస్తారు. ఆన్సీ ప్రమాణంగాని ఐఎస్ఓ ప్రమాణంగాని పేర్కొనని సంఖ్యకు విలువ ఇవ్వనక్కరలేదు. అసలు అవసరం ఎంతో మనమే లెక్క కట్టవచ్చు. డిజిటల్ సినిమాహాలు తెరకు నిర్ణయించిన ప్రమాణం 14 ఫుట్ లాంబర్టులు. నునుపు మెరుపు లేని తెల్లని తెర మీద చదరపు అడుగుకు సుమారు 14 ల్యూమెన్లు పడితే ఆ కాంతి వస్తుంది. ఏడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల బొమ్మకు 28 చదరపు అడుగులు. హెచ్చవేస్తే 392. అనగా నిండైన చీకటిలో 400 ల్యూమెన్లు నిజంగా గోడమీద పడితే, పెద్ద హాలులోని కాంతి మన ఇంటి గోడ మీద ఉన్నట్లే. కొత్తగా ఉన్నప్పుడు 2,500 ల్యూమెన్లు ఇచ్చిన యంత్రం, సగం వెలుతురు పోగొట్టుకొన్న తరువాత కూడా అంతకు మూడింతలు ఇవ్వగలదు.

అయితే అదే గదిలో ఒక ట్యూబులైటు వెలిగించండి. గోడ మీద చదరపు అడుగుకు పది ల్యూమెన్ల దాకా అదే కుమ్మరిస్తుంది. బొమ్మలోని నలుపు బూడిదరంగు అవుతుంది. ఘటోత్కచుని మీసం కూడా వెలవెలబోతుంది. అప్పుడు మనం “యంత్రంలో బలం లేదు” అని ఇంకా ఎక్కువ వెల గలదానికోసం పరుగెత్తుతాం. లోపం యంత్రంలో లేదు, గదిలో ఉన్నది. వెలుతురును డబ్బుపెట్టి కొనవలె. చీకటి ఊరకే వస్తుంది. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి, తలుపు సందు మూయండి, దీపాలార్పండి. డేరా సినిమావారు పొద్దుగూకిన తరువాతనే ఆట మొదలుపెట్టేవారు. వారి వద్ద లేని సొమ్ముకు బదులు వారు రాత్రిని వాడుకొన్నారు. పేదవాని తెరకు మొదటి పెట్టుబడి చీకటే.

కొనేముందు మూడు పనులు తప్పక చేయాలి. మొదటిది, గది కొలవడం. యంత్రానికీ గోడకూ మధ్య దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క తీరుగా ఉంటుంది. ఆ సంఖ్య రెండు అయితే, ఆరడుగుల బొమ్మకు పన్నెండడుగులు వెనుకకు జరగాలి. మన గది పదడుగులదైతే ఎంత మంచి యంత్రమైనా దండుగ. రెండవది, కనీసం ఒక గంటసేపు నడిపించి చూడడం. అయిదు నిమిషాల పరీక్షలో అన్ని యంత్రాలూ బుద్ధిమంతులే; వేడెక్కిన తరువాత కొన్ని తమంతట తామే ఆరిపోతవి, కొన్నిటి ఫ్యాను గోల సంభాషణను మింగివేస్తుంది. మూడవది, తెల్లనిదీ నల్లనిదీ ఒట్టి బొమ్మలను వేసి చూడడం. 1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ కనిపెట్టిన సూక్ష్మదర్పణాల పలక గల యంత్రాలలో, చెడిన అద్దాలు నల్లబొమ్మ మీద తెల్లని చుక్కలుగా బయటపడతవి. ద్రవస్ఫటికపు పలకల యంత్రాలలో, ఏండ్ల తరబడి వేడికి లోపలి పొరలు చెడిపోతే తెల్లబొమ్మ మీద పసుపు మచ్చలు తేలుతవి. ఈ మచ్చలు తుడిస్తే పోయేవి కావు. వట్టి దుమ్ము చుక్క అయితే శుభ్రం చేయించవచ్చు.

ఇంకా రెండు మాటలు. వెంకయ్యగారి క్రోనోమెగాఫోనులో బొమ్మకు తోడుగా గ్రామఫోను, దాని శబ్దాన్ని పెంచడానికి ఒత్తిడి గాలి ఉండేవి. ధ్వనికి వేరే ఏర్పాటు కావాలని ఆనాడే తెలుసు. నేటి ప్రొజెక్టరు పొట్టలోని చిన్న స్పీకరు పాఠానికి చాలునేమో గాని పాటకు చాలదు. ఇంట్లో ఉన్న పాత స్పీకర్లు తగిలించుకొంటే ఖర్చులేకుండా తీరుతుంది. రెండవది కరెంటు. దీపం వేడిమీద ఉండగా కరెంటు పోతే ఫ్యానూ ఆగిపోయి దీపం ఆయువు తగ్గుతుంది. వెంటనే వెలిగించబోతే వెలగదు. ఇంటికి ఇన్వర్టరు ఉంటే దానికి కలపాలి. ఆట అయిపోగానే తీగ పీకివేయక, ఫ్యాను తనంతట ఆగేదాకా ఓపికపట్టాలి.

నా విద్యార్థి తొమ్మిదివేల యంత్రాన్నే తెచ్చుకొన్నాడు. మిగిలిన అయిదువేలను, దీపం ఆరిపోయే నాటికి కొత్త దీపంకోసమని, వాళ్లమ్మ చేతికే ఇచ్చినాడట. గోడకు సున్నం వేసి, కిటికీకి గొంగడి కట్టి, ఒక శనివారం రాత్రి బొమ్మ వేసినాడు. వాడలోని పిల్లలు గడప దాకా నిండిపోయినారట. ఆ తల్లి మూడుగంటలూ కదలక కూర్చున్నదట.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు. పాత ప్రొజెక్టరు కొనేవానికి ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. దీపం ఎంత మిగిలిందో తెలిసికొని వెల కట్టండి. మిగిలినదంతా రాత్రి ఇస్తుంది. దానికి వెల లేదు.