నాచు బంతి పచ్చగా ఉండాలి, నీళ్లలో దోమ పుట్టకూడదు

ఈ మధ్య కొందరి ఇండ్లలో టీవీ పక్కన, కిటికీ దగ్గర గాజు సీసాలో ఆకుపచ్చని ఉండ ఒకటి కనిపిస్తోంది. దీన్ని ‘మాస్ బాల్’ పేరుతో అమ్ముతున్నారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. పెద్ద చాకిరీ కూడా ఉండదు. అయితే మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఎండకు, దోమలకు తగినట్టుగా దీన్ని చూసుకోవడం ఎలాగో తెలుసుకుందాం.

మాస్ బాల్ రెండు రకాలు

మొదటి రకం మరిమో. పేరులో ‘మాస్’ అని ఉన్నా ఇది గోడల మీద పట్టే పాచి కాదు, నీటిలో పెరిగే నాచు. జపాన్‌లోని అకాన్ సరస్సు దీనికి ప్రసిద్ధి. 1952లో అక్కడి ప్రభుత్వం ఆ సరస్సులోని మరిమోను ప్రత్యేక ప్రకృతి సంపదగా ప్రకటించింది. ఇది ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్లే పెరుగుతుంది.

రెండవ రకం కొకెడామా. మొక్క వేర్ల చుట్టూ మట్టిని ఉండలా చేసి, పైన పాచి చుట్టి దారంతో కట్టేది. పాచి దొరకకపోతే కొబ్బరి పీచు చుట్టినా సరిపోతుంది.

మరిమో సంరక్షణ

ఇది చల్లని నీటి జీవి. 25 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. కాబట్టి సీసాను ఎండ తగలని, వెలుతురు మాత్రం ఉండే చల్లని మూలలో పెట్టండి. ఎండాకాలం ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచవచ్చు. నల్లా నీళ్లను ఒక రాత్రి మూతపెట్టి నిలవ ఉంచి వాడండి. ఎరువు అవసరం లేదు. వారానికి ఒకసారి నీళ్లు మార్చి, ఉండను మెల్లగా పిండి, అటూ ఇటూ దొర్లించండి.

పాత నీళ్లను, పాడైన ఉండను చెరువులో గానీ మానేరులో గానీ వేయవద్దు. 2021లో అమెరికాలో అమ్మిన మరిమో ఉండలలో అక్కడి చెరువులకు హాని చేసే చిన్న ఆలుచిప్పలు బయటపడ్డాయి. నీళ్లను పొడి నేల మీద పోయండి. ఉండను ఎండబెట్టి పారేయండి.

కొకెడామా సంరక్షణ

ఉండను చేత్తో ఎత్తి చూడండి. తేలికగా అనిపిస్తే బకెట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి, నీరు పూర్తిగా కారనిచ్చి తిరిగి పెట్టండి. కింద ఉంచిన పళ్లెంలో నీరు నిలవనివ్వవద్దు. ముంచిన బకెట్‌ను వెంటనే ఖాళీ చేయండి. దీనికి వాడే మనీప్లాంట్ ఆకు నమిలితే పిల్లలకు నోరు మండి, వాచిపోతుంది. అందుకే చేతికి అందని ఎత్తులో వేలాడదీయండి.

వారం రోజుల లెక్క ఎందుకు?

డెంగ్యూ, చికున్‌గున్యా వ్యాధులను వ్యాపింపజేసే ఈడిస్ దోమకు మురికి కాలువ అక్కరలేదు. ఇంట్లోని శుభ్రమైన నీరే దానికి ఇష్టం. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు కీళ్ల నొప్పులతో నెలల తరబడి బాధపడినవారు మనలో ఉన్నారు. ఆ దోమ పగటి పూట కుడుతుంది.

వేడి కాలంలో గుడ్డు నుండి దోమ కావడానికి ఏడు నుండి పది రోజులు చాలు. ఏడు రోజులకు ముందే నీళ్లు పారబోస్తే లార్వా దోమగా మారదు. అయితే గుడ్లు నీటి అంచున పాత్ర గోడకు అతుక్కొని ఉంటాయి. అవి ఎండిపోయి కూడా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి నీళ్లు మార్చితే చాలదు, సీసా లోపలి గోడను బ్రష్‌తో రుద్ది కడగాలి. మూతికి సన్నని వల గుడ్డ కట్టి రబ్బరు బ్యాండ్ వేయాలి.

మరిమో సీసా ఒక్కటే కాదు. మనీప్లాంట్ సీసా, కూలర్, ఫ్రిజ్ వెనుక పళ్లెం, రంజన్, గోలెం, పాత టైర్లు, చర్చిలో పూలకుండీలు, సమాధుల మీద పెట్టే పూల గ్లాసులు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. వారంలో ఒక రోజు నిర్ణయించుకుని అన్నింటినీ ఒకేసారి ఖాళీ చేసి రుద్దండి.

జ్వరం వస్తే

అకస్మాత్తుగా తీవ్ర జ్వరం, కళ్ల వెనుక నొప్పి, ఒళ్లునొప్పులు వస్తే డాక్టరుకు చూపించండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు సొంతంగా కొని వేసుకోవద్దు. రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. పారాసెటమాల్‌ను డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడండి. ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ తరచుగా తాగించండి.

జ్వరం తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. డెంగ్యూలో అసలు ప్రమాదం తరచుగా అప్పుడే మొదలవుతుంది. కింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి:

• తీవ్రమైన కడుపు నొప్పి
• ఆగని వాంతులు
• చిగుళ్లు, ముక్కు నుండి రక్తం, నల్లటి మలం
• మగత, కాళ్లు చేతులు చల్లబడటం
• మూత్రం తగ్గిపోవడం

ఇంట్లో పచ్చదనం ఉండటం మంచిదే. వారానికి ఒకసారి మీరు నీళ్లు మార్చితే నాచు బంతి పచ్చగా ఉంటుంది, మీ ఇంటి పిల్లలకు దోమకాటు ముప్పు తగ్గుతుంది. ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.