గేరు కడ్డీ కదలనప్పుడు

కారు నడుపుట నేడు మన స్త్రీలకు వింత విద్య కాదు. పిల్లలను బడికడ దింపి, దారిలో కూరగాయలు కొని, వృద్ధులైన అత్తమామలను వైద్యునియొద్దకు గొనిపోవు నిల్లాండ్రు హైదరాబాదులోను విశాఖపట్టణములోను ఎందఱో గలరు. అమెరికాలో కాపురముండు మన యాడుపడుచులలో ననేకులకు కారు లేనిదే పాలుకూడ నింటికి రావు. వీరిలో పెక్కుమంది నడుపునవి క్లచ్చి లేని కార్లు, అనగా గేరులు తమంతట తాము మాఱు ఆటోమేటిక్ కార్లు. వీనిలో నొక చిక్కు గలదు. అది చెప్పి రాదు. ఇంజను చక్కగ పలుకుచుండును, దీపములు వెలుగుచుండును, గేరు కడ్డీ మాత్రము ‘పీ’ యను నక్షరము నొద్దనుండి వెండ్రుకవాసియైనను కదలదు. వెనుక సీటులో జ్వరముతో మూలుగు బిడ్డ యుండగా నిట్లు జరిగినచో నా తల్లి గుండె యెట్లు కొట్టుకొనునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అట్టి సమయమున సాధారణముగ జరుగునవి రెండు. ఇంట మగవారున్నచో వచ్చి రెండు చేతులతోను కడ్డీని పట్టి గుంజుదురు. లేనిచో షెడ్డువానికి కబురుపెట్టి బండిని లారీ మీద కెక్కింతురు. మొదటిదానివలన కడ్డీయో, దాని క్రింది తీగయో విఱుగును. రెండవదానివలన డబ్బు విఱుగును. పెక్కు సందర్భములలో నీ రెండును అనవసరములే. కదలకుండుట యంత్రము చెడుట యొకటే కాదు. అది కావలియుండు ద్వారపాలకుడు తలుపు తీయకుండుట. వాడేమి యడుగుచున్నాడో తెలిసినచో సగము చిక్కు తీరును.

‘పీ’ యనగా బండిని నిలిపియుంచు స్థానము. కడ్డీ నచ్చట నుంచినప్పుడు గేరుపెట్టె లోపల నొక చిన్న యినుప కొక్కెము పండ్లచక్రముయొక్క సందులో దిగి దానిని తిరుగనీయదు. ఎడ్లబండి చక్రమునకు రాయి యడ్డము పెట్టినట్లే యిది. ఈ కొక్కెముగాక కడ్డీకి మఱియొక తాళము గలదు. అది విద్యుచ్ఛక్తిచే కదలు నొక చిన్న మేకు. దానిని సొలినాయిడు అందురు. మన మెడమకాలి పని యీ కార్లలో లేదు గాన, కుడికాలితోనే బ్రేకు నదుముదుము. అదిమినంతనే పెడలు పైభాగమున నున్న యొక చిన్న స్విచ్చి ఆ సంగతి నెఱుగును. అది యేకకాలమున రెండు పనులు చేయును: బండి వెనుక ఎఱ్ఱదీపములను వెలిగించును, మేకునకు వెనుకకు తొలగుమని కబురంపును. మేకు తొలగునప్పుడు ‘టక్కు’ మని సన్నని చప్పుడగును. నిశ్శబ్దముగ నున్న కారులో చెవి యొగ్గిన వినవచ్చును.

ఈ తాళ మేల పెట్టిరి? మొట్టమొదట విరివిగ నమ్ముడైన ఆటోమేటిక్ గేరుపెట్టె 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చెను. దానికి ‘పీ’ యే లేదు. ఇంజను నార్పి రివర్సు గేరులో నుంచి బండిని నిలుపుచుండిరి. ‘పీ’ వచ్చిన పిమ్మటగూడ చాలకాలము దానికి బ్రేకుతో సంబంధము లేకుండెను. ఎవరు పట్టి లాగినను కడ్డీ వచ్చెడిది. 1980 తరువాతి యేండ్లలో అమెరికాలో ఆడీ 5000 అను కారు ‘పీ’ నుండి తీయగనే దానంతట నది దుముకుచున్నదని గగ్గోలు పుట్టెను. 1986లో టెలివిజనులోగూడ నా కథ ప్రసారమయ్యెను. 1989లో నచ్చటి ప్రభుత్వశాఖవారు విచారించి, పెక్కు ప్రమాదములకు కారణము నడుపువారు బ్రేకు ననుకొని ఆక్సిలరేటరు నదుముటయే యని తేల్చిరి. ఈలోపుననే, బ్రేకు నదిమినగాని కడ్డీ కదలకుండునట్లు ఆ కంపెనీవారు తాళమమర్చిరి. తక్కినవారును క్రమముగ ననుసరించిరి.

తల్లులకు సంబంధించిన సంగతి దీనికంటె పెద్దది. కారులో తాళపుచెవి యుంచి, పిల్లలను కూర్చుండబెట్టి, ఒక్క నిమిషమని దుకాణములోనికి పోవుట మనలో నందఱెఱిగినదే. ముందుసీటు మీదికెక్కిన పసివానికి కడ్డీ యొక ఆటవస్తువు. వాలుమీద నున్న బండి ‘పీ’ నుండి జాఱినచో వానిని రక్షించువారెవరు? పిల్లల రక్షణకై అమెరికాలో 2008లో నొక శాసనము చేసిరి. వెనుకకు వచ్చు కారు క్రిందపడి మరణించిన రెండేండ్ల పసివాని పేరు దానికి పెట్టిరి. 2010 సెప్టెంబరు మొదటి తేదినుండి తయారగు ఆటోమేటిక్ కార్లకెల్ల ఈ బ్రేకు తాళముండవలయునని దానియందే విధించిరి. కావున మన కడ్డీని పట్టియుంచిన మేకును తిట్టుకొనునప్పుడు, అది పసివాని చేతి నడ్డుటకు పెట్టినదని జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

ఇక పని. మొదట తాళపుచెవి ‘ఆన్’ స్థానమున నున్నదో లేదో చూడవలయును. పిదప బ్రేకును గట్టిగ నదుమవలయును. ఇంజను ఆగియుండగా రెండుమూడు మాఱులదిమినచో పెడలు రాయివలె బిగియును. అప్పుడు తేలికగ కాలు మోపినంతమాత్రమున స్విచ్చికి తెలియదు. బలముగ నదిమినను రానిచో, కడ్డీని విడిచిపెట్టి బండి వెనుకకు చూడవలయును. మా మాటలలో ముఖ్యమైనదిదియే. మీరు బ్రేకు నదిమియుండగా వెనుక ఎఱ్ఱదీపములు వెలుగుచున్నవేమో మఱియొకరిని చూడుమనుడు. ఒంటరిగ నున్నచో సెల్లుఫోనును వెనుక నేదైన గోడకో మెట్టుకో ఆనించి వీడియో తీయవచ్చును. రాత్రివేళయైనచో వెనుకగోడమీద ఎఱ్ఱని వెలుగు పడుట అద్దములోనే కనబడును.

రెండు దీపములును, అద్దము నొద్దనుండు మూడవ దీపమును, ఏదియు వెలుగనిచో, బల్బులన్నియు నొక్కసారి మాడిపోవుట యరుదు. లోపము ఫ్యూజులోనో, పెడలుమీది స్విచ్చిలోనో యుండును. ఫ్యూజుపెట్టె మూత వెనుక పటముండును. బ్రేకు దీపమునకు సంబంధించిన ఫ్యూజును పట్టి తీసి చూచిన, లోని సన్నతీగ తెగియున్నదో లేదో కంటికే తెలియును. క్రొత్తది వేయునప్పుడు దానిమీది అంకె పాతదాని యంకెయే కావలయును. పెద్ద యంకెగలది వేయుటయు, రాగితీగ చుట్టుటయు ఇంటికి నిప్పు పెట్టుకొనుటవంటివి. ఫ్యూజు బాగుండినచో స్విచ్చిని మార్పింపవలసినదే. అది చిన్న వస్తువు, సామాన్యముగ వెలయు తక్కువే. బొత్తాము నొక్కి ఇంజను నడుపు కార్లలో ఈ స్విచ్చి చెడినచో ఇంజనే పలుకకపోవచ్చును. ఏలయనగా ఆ బొత్తాముకూడ బ్రేకునే యడుగును.

దీపములు వెలుగుచుండియు కడ్డీ రానిచో కారణములు వేఱు. బ్యాటరీ నీరసించినచో మేకు తొలగునంత శక్తి యుండదు. మఱియొక బండి బ్యాటరీతో తీగలు కలిపినచో పని జరుగును. కడ్డీ మొదట కాఫీయో పండ్లరసమో ఒలికి, పంచదార యెండి జిగురై, లోపలి ముక్కలను పట్టియుంచుటయు గలదు. పిల్లలున్న కారులో మేము దీనినే ముందు శంకింతుము. నాణెములు, బలపపు ముక్కలు, గోలీలు సందులో పడుట సరేసరి.

తొందరపనిగ బయలుదేఱవలసియున్నచో, చాల కార్లలో కడ్డీ ప్రక్కనే చిన్న మూత యొకటి యుండును. దానిక్రింద నున్న మీటయే తాళమును చేతితో విడిపించునది. ముందుగ హ్యాండుబ్రేకును పూర్తిగ బిగింపుడు. బండికి ముందువెనుకల పిల్లలు లేకుండ చూచుకొనుడు. నేల యేమాత్రము వాలుగ నున్నను చక్రములకు రాళ్లు పెట్టుడు. కాలు బ్రేకుమీదనే యుంచి, తాళపుచెవి ‘ఆన్’ చేసి, గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవరుతో మూతను లేపి, లోనిమీటను నొక్కిపట్టి, కడ్డీని ‘ఎన్’ లోనికి తెండు. ఇంజను ‘ఎన్’ లోనే పలుకును. గుండ్రని మీటలు త్రిప్పునవి, బొత్తాములు నొక్కునవియైన క్రొత్త కార్లకు ఈ మూత యుండదు; వానికి మార్గము బండితో నిచ్చిన పుస్తకములోనే చూడవలయును. ఏ.ఎమ్.టి. అనబడు చిన్నకార్లలో ననేకములకు ‘పీ’ యే లేదు గాన ఈ బాధయు లేదు.

ఇది మగవారి పనియని సంకోచించువారుండవచ్చును. 1888 ఆగస్టులో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నిల్లాలు, తన యిద్దఱు కుమారులతో, భర్త నిర్మించిన మోటారుబండి నెక్కి మాన్‌హైమ్‌నుండి ఫోర్ట్‌స్‌హైమ్‌కు ప్రయాణము చేసెను. దారిలో చమురుగొట్టము మూసికొనిపోగా తన టోపీసూదితో పొడిచి తెఱచెను. బ్రేకు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. మోటారు చరిత్రలో తొలి దూరప్రయాణపు మరమ్మతులు స్త్రీచేతిలోనే జరిగినవి. మూత లేపుట యెంతపని?

కాని కడ్డీ వచ్చినది గదా యని సంతోషించి బజారున పడుట మాత్రము కూడదు. వెనుక దీపములు వెలుగుటలేదని తేలిన కారులో మీరు బ్రేకు వేసినట్లు వెనుకవచ్చు లారీవానికెట్లు తెలియును? కడ్డీ బిగియుట మీకు విసుగు; దీపములేకుండుట మీ ప్రాణమునకే ముప్పు. నిజమునకు కడ్డీ బిగిసినందుననే ఆ దీపముల సంగతి మనకు తెలియవచ్చినది. అత్యవసరమైనచో బిడ్డను వేఱొక బండిలో వైద్యునికడకు పంపి, ఫ్యూజో స్విచ్చియో వేయించిన పిమ్మటనే కారు తీయుడు.

వాలుమీద బిగియుట మఱియొక తీరు. హైదరాబాదులో అపార్టుమెంటుల క్రింది సెల్లారులకు దిగు వాలుదారులమీద కార్లు నిలుపుట మామూలు. అచ్చట కేవలము ‘పీ’ లో నుంచి కాలు తీసినచో బండిబరువంతయు ఆ చిన్న కొక్కెముమీద పడును. ఉదయమున కడ్డీ బిగుసుకొనియుండి, గట్టిగ లాగినప్పుడు ‘ధబ్బు’ మని వచ్చును. రాకున్నచో ఎగువవైపునుండి వేఱొక బండితో కొంచెము లాగించి కొక్కెముపై బరువు తగ్గింపవలయును. దిగువ నిలిచి మనుష్యులు త్రోయుట పనికిరాదు. ఇది రాకుండ చేయుట సులభము. బ్రేకు నదిమియుంచి, ముందు ‘ఎన్’ లో నుంచి, హ్యాండుబ్రేకు బిగించి, కాలు మెల్లగ సడలించి, బండి హ్యాండుబ్రేకుపై నిలిచినదని తెలిసినపిమ్మట మఱల బ్రేకు నదిమి ‘పీ’ లో నుంచవలయును. వారమురోజులలో నలవాటగును.

కడ్డీ తేలికగ నాడుచు బండి మాత్రము కదలనిచో క్రిందితీగయో దాని బుష్షో తెగియుండును. అప్పుడు కడ్డీ ‘పీ’ నొద్ద నున్నను బండి ‘పీ’ లో నున్నదని నమ్మరాదు. హ్యాండుబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టి, మెకానిక్కును పిలుచుటయే.

షెడ్డునుండి కారు తిరిగి వచ్చినప్పుడు డబ్బిచ్చుటకు ముందు రెండు పరీక్షలు చేయుడు. బ్రేకు నదిమి వెనుక దీపములు మూడును వెలుగుటను చూడుడు. తరువాత చదునైన నేలమీద, హ్యాండుబ్రేకు బిగించి, తాళపుచెవి ‘ఆన్’ చేసి, బ్రేకుమీద కాలు పెట్టకయే కడ్డీని లాగి చూడుడు. అది రాకూడదు. వచ్చినచో మరమ్మతు జరుగలేదన్నమాట. కొందఱు పనివాండ్రు శ్రమ తప్పించుకొనుటకై ఆ మేకునే పీకివేసి, ఇక నెన్నడును బిగియదని మీకు కారప్పగింతురు. అట్టి కారును తీసికొనక, మేకును మఱల వేయించి, రెండవ పరీక్ష మీచేతులతో మీరే చేసి తెచ్చుకొనుడు.