కొద్దికాలపు ఆటకు పెద్దపీట వేయొచ్చా?

బాస్కెట్‌బాల్ పుట్టింది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. ఆ ఆటలోని మహామహులను తలచుకునే హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఆ ఊళ్లోనే ఉంది. గాయాల వల్ల అర్ధాంతరంగా ఆట మానేసినవాళ్లకు అందులో చోటివ్వాలా వద్దా అన్న వాదన ఎప్పటి నుంచో సాగుతోంది. మారిస్ స్టోక్స్ 1955 నుంచి 1958 దాకా మూడే సీజన్లు ఆడాడు. మ్యాచ్‌లో పడి తలకు దెబ్బ తగిలించుకున్న కొద్ది రోజులకే పక్షవాతంతో మంచాన పడ్డాడు. 1970లో కన్నుమూసిన ఆయనకు 2004లో గాని ఆ గౌరవం దక్కలేదు. కాలి గాయాలతో 2011లో ఆటకు స్వస్తి చెప్పిన చైనా ఆటగాడు యావో మింగ్‌ను 2016లో చేర్చుకున్నారు.

తెలుగువాళ్లకు ఇదే ప్రశ్న బ్యాడ్మింటన్‌లో, పుల్లెల గోపీచంద్ రూపంలో ఎదురవుతుంది. 1994లో మోకాలి లిగమెంటు తెగి, శస్త్రచికిత్సల పాలైన గోపీచంద్ 1996 నుంచి 2000 వరకు వరసగా ఐదుసార్లు జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2001లో ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్లో పీటర్ గేడ్‌ను, ఫైనల్లో చెన్ హాంగ్‌ను ఓడించాడు. 1980లో ప్రకాశ్ పదుకొనే గెలిచాక ఆ టైటిల్ మళ్లీ భారత్‌కు వచ్చింది అప్పుడే. ఆ తర్వాత గాయాలు ఆయన్ను ఎక్కువ కాలం ఆడనివ్వలేదు.

పదిహేనేళ్లు చెమటోడ్చినవాళ్లకు, కొన్నేళ్లే ఆడినవాళ్లకు ఒకే పీట వేస్తే అన్యాయం కాదా అని అడుగుతారు. ఏళ్ల తరబడి నిలకడగా ఆడడం గొప్పే, దాన్ని గౌరవించాల్సిందే. అయితే గొప్పతనానికి అదొక్కటే దారి కాదు. తన కాలంలోని మేటి ఆటగాళ్లను పెద్ద వేదిక మీద ఓడించడం మరో దారి. ఒక్క టోర్నీ విజయం అదృష్టం కావచ్చు కదా అంటే, దాని వెనక వరస జాతీయ టైటిళ్లున్నప్పుడు ఆ మాట నిలవదు. మరి జాలితో ఇచ్చే గౌరవం మాటేమిటి? ‘మోకాలు బాగుండి ఉంటే ఇంకెన్ని గెలిచేవాడో’ అన్న ఊహకు ఒక్క మార్కు కూడా వేయకూడదు. స్టోక్స్ విషయంలోనూ ఆయన పడ్డ కష్టాన్ని పక్కన పెట్టి ఆటనే చూద్దాం. ఆ మూడు సీజన్లలో ఎన్‌బీఏ మొత్తంలో అందరికంటే ఎక్కువ రీబౌండ్లు పట్టింది ఆయనే. మూడేళ్లూ ఆల్‌స్టార్ జట్టులో ఉన్నాడు. ఆ లెక్కకు జాలి తోడు అక్కర్లేదు.

గోపీచంద్ కీర్తి అసలు శిక్షకుడిగా వచ్చిందేనని కొందరంటారు. 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం ఆయన శిక్షణలో వచ్చిన ఒలింపిక్ పతకాలే. అయినా ఈ రెండు ఖాతాలనూ కలపకూడదు. ఆ తేడా మన ప్రభుత్వ పురస్కారాలకు తెలుసు: ఆటగాడిగా ఖేల్‌రత్న, శిక్షకుడిగా 2009లో ద్రోణాచార్య ఆయనకు విడివిడిగా ఇచ్చారు. ఆ ఖేల్‌రత్నకు తర్వాతి శిష్యుల పతకాల దన్ను లేదు.

కాబట్టి ఎంపిక సంఘాలు కనీసం ఇన్నేళ్లు ఆడాలన్న గీత గీయకూడదు. ఆడిన కాలంలో మేటివాళ్లను ఓడించాడా, ఆ స్థాయిని ఒకటికి రెండుసార్లు చూపించాడా అన్నవే అడగాలి. జవాబు అవునైతే, శరీరం సహకరించని ఏళ్లను ఆ ఆటగాడి తప్పుగా లెక్కగట్టే హక్కు ఎవరికీ లేదు.