వైర్ లేనిదల్లా బ్లూటూత్ కాదు

హెడ్‌ఫోన్ పెట్టె మీద ‘వైర్‌లెస్’ అని కనిపిస్తే చాలామంది అది బ్లూటూతే అనుకుంటారు. బ్లూటూత్‌వన్నీ వైర్‌లెస్సే గానీ, వైర్‌లెస్‌వన్నీ బ్లూటూత్ కావు. టీవీ కోసం చేసిన కొన్ని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేస్తాయి. వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్లలో చాలావాటితో కంప్యూటర్‌కు తగిలించే చిన్న యూఎస్‌బీ డాంగిల్ వస్తుంది. చిత్రమేమంటే బ్లూటూత్, ఈ డాంగిళ్లు సాధారణంగా ఒకే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తాయి. తేడా అంతా ఆ తరంగాలను వాడుకునే పద్ధతిలోనే ఉంది.

1998లో ఏర్పడిన కంపెనీల కూటమి బ్లూటూత్‌ను ఉమ్మడి ప్రమాణంగా తీర్చిదిద్దింది. అందుకే ఏ కంపెనీ ఫోనుకైనా ఏ కంపెనీ హెడ్‌ఫోనైనా జతవుతుంది. కానీ ధ్వనిని కుదించి, పంపి, విప్పి, తెగిపోకుండా కొంత నిల్వ ఉంచుకునేసరికి సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా గడిచిపోవచ్చు. డాంగిల్ తన జత హెడ్‌సెట్ కోసమే తయారైంది కనుక ఆ జాప్యాన్ని బాగా తగ్గించగలదు.

సినిమాలో మాట, పెదవులు కలిసే ఉంటున్నాయి కదా అనవచ్చు. నిజమే, చాలా వీడియో యాప్‌లు బొమ్మను ఆ మేరకు ఆలస్యం చేస్తాయి. ఆటలో మన వేలు ఎప్పుడు కదులుతుందో ముందే తెలియదు కాబట్టి అక్కడ ఆ సర్దుబాటు కుదరదు. బ్లూటూత్‌లోనే కొత్త పద్ధతి అయిన ఎల్‌ఈ ఆడియో జాప్యాన్ని తగ్గించగలదు గానీ, ఫోనూ హెడ్‌ఫోనూ రెండూ దానికి అనువైనవై ఉండాలి. పాటలకూ ప్రయాణాలకూ బ్లూటూత్ చాలు. కంప్యూటర్ ఆటలకైతే డాంగిల్ ఉన్నదే మేలు.